చమ్కీ అంటిన చెయ్యి

బాబాయి పూతరేకుల పెట్టె చంకలో పెట్టుకుని వచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కొట్ల మధ్య పుట్టి పెరిగినవాళ్ళం మేము. మా వైపు ఎవరూ ఎవరికీ ఊరికే ఏమీ పట్టుకురారు. ఆత్రేయపురం మనిషిని పంపించి తెప్పించానన్నాడు. మూత తీసి చూశాను. పంచదారవి కాదు, బెల్లంవి, పైగా జీడిపప్పు పలుకులు కనిపిస్తున్నాయి. అంటే అడగబోయేది చిన్న విషయం కాదు. ఆ వయసులో మా అపార్ట్‌మెంట్ మెట్లన్నీ ఎక్కి వచ్చాడు, లిఫ్టు పాడైతే. కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు తాగి, రాజమండ్రి ఎండలనీ, గోదావరిలో ఇసకమేటలనీ, మా ఆయన మోకాళ్ళనీ పరామర్శించి, ఆఖర్న పెట్టె నా వైపు ఇంకాస్త జరిపాడు. నేను దగ్గరికి తీసుకోలేదు. సరుకు పుచ్చుకుంటే బేరం సగం ఒప్పుకున్నట్టే కదా.

"మణమ్మా, మన హారిక కొట్టు పెడుతోందే," అన్నాడు.

హారిక బాబాయి మనవరాలు, ఆయన కొడుకు కూతురు. బి.టెక్ చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, విసుగెత్తి వచ్చేసిన పిల్ల.

"ఏం కొట్టు?"

"గేలాల కొట్టు. రాడ్లు, రీళ్ళు, దారాలు. ఇంకా..." ఆయన గొంతు కాస్త తగ్గింది. "ఆ మెత్తటి బొమ్మలు. ఇంట్లోనే పోస్తోంది. రంగులేసి, చమ్కీ కలిపి. నువ్వు పోసేదానివి చూడు, అల్లాంటివే."

బొమ్మలు. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆయన నోటికి ఎర అనే మాట రాలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఆయన వచ్చిన పని ఆ తరవాతి మాటలో ఉంది. "బోణీ నీ చేత్తో అవ్వాలమ్మా."

బోణీ అంటే మా ఇళ్ళల్లో సామాన్యమైన సంగతి కాదు. పొద్దున్న కొట్టు తెరవగానే జరిగే మొదటి అమ్మకం అది. ఎవరి చేతి మీదుగా అయితే ఆ రోజు వ్యాపారమంతా ఆ చేతిని బట్టి నడుస్తుందని నమ్మకం. మంచి చెయ్యి, చెడ్డ చెయ్యి అని మనుషుల్ని ఏరేవాళ్ళు. మంచి చెయ్యి ఉన్న మనిషి బద్ధకస్థుడైనా, అబద్ధాలాడేవాడైనా పిలిచి కాఫీ ఇచ్చేవాళ్ళు. చెడ్డ చెయ్యి అని పేరు పడ్డవాళ్ళు వీధి అవతలివైపు నడిచేవాళ్ళు. నా జన్మలో నేను రెండు వైపులా నడిచాను.

"నా చెయ్యి మంచిది కాదు కదా బాబాయ్," అన్నాను.

"ఎవరన్నారే ఆ మాట?"

"అన్నాయన పోయాడు. విని ఊరుకున్నాయన నా ఎదురుగుండా కూచుని మంచినీళ్ళు తాగుతున్నాడు."

బాబాయి గ్లాసు కింద పెట్టేశాడు.

మా కొట్టు తణుకు బజారులో ఉండేది. ఫ్యాన్సీ కొట్టు. గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు, బొట్టు సీసాలు, పూసలు, పిల్లల ఆటవస్తువులు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక గడప, దాని వెనక ఒక తెర. గడపకి అటువైపు గాజుల పెట్టెల్లో పరిచిన ఎండుగడ్డి వాసన, కలరా ఉండల వాసన, కుంకం వాసన. ఇటువైపు మామ్మ మడి వంట, ఇంగువ తిరగమోత. చెరుకు ఆడే రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చే మడ్డి వాసన ఈ రెండింటినీ కప్పేసి, ఊరంతటినీ ఒకే గిన్నెలో వేసి కాచినట్టు ఉండేది. మగవాళ్ళు గడపకి అటు, ఆడవాళ్ళు ఇటు. నేను మాత్రం తెర పక్కన నిలబడి, మా నాన్న బేరాలు వింటూ పెరిగాను. వచ్చినావిడ గాజులు చేతికి తొడుక్కున్నాక ధర పెంచకూడదనీ, తొడుక్కోక ముందే పెంచాలనీ, వెళ్ళిపోతానని మెట్టు దిగినవాళ్ళని రెండో మెట్టు దాకా దిగనిచ్చి పిలవాలనీ నాకు బడికన్నా ముందు తెలుసు. నాకు కావలసింది ఒక్కటే, గడపకి అటువైపు కూర్చోవడం. పదో తరగతి అయ్యాక చదువు మాన్పించారు. దానికి ఏడవలేదు. కొట్లో కూర్చోనివ్వరని తెలిసి ఏడ్చాను. మా తమ్ముడు లెక్క సరిగ్గా చెయ్యలేడు, చిల్లర ఇచ్చేటప్పుడు చెవులు ఎర్రబడతాయి, అయినా గల్లాపెట్టె దగ్గర చాప వాడిదే.

నాన్నకి బాబాయి ఒక్కడే తమ్ముడు. కొట్టుకి సరుకు తేవడం ఆయన పని, అమ్మడం నాన్న పని. బాబాయికి ఒక రహస్యమైన వ్యసనం ఉండేది. కాలవ గట్టున గాలం వెయ్యడం. ఉల్లిపాయ కూడా వారాన్ని బట్టి తినే ఇంట్లో పుట్టి, చేపని పట్టుకుని, చూసి, నీళ్ళల్లో వదిలేసి వచ్చేవాడు. తినడు, అమ్మడు. మామ్మకి తెలుసు. తెలియనట్టు, ఆయన వచ్చేసరికి నూతి దగ్గర నీళ్ళు తోడి ఉంచేది. ఒకసారి ఆయన సామర్లకోటలో రైలు మారి కాకినాడ వెళ్ళి, ఓడ సరుకు అమ్మేచోట నుంచి ఒక చిన్న పొట్లం తెచ్చాడు. అందులో వేలెడు పొడుగు రబ్బరు చేపపిల్లలు. జున్ను ముక్కలా మెత్తగా, తోక అలా అంటే ఇలా ఊగుతోంది. లోపల, ఒంటి లోపల, సన్నటి మెరుపు నలుసులు. వెలుగులోకి ఎత్తితే బతికున్న చేప పొలుసు మెరిసినట్టు మెరిశాయి. నేను వాటిని చూసి, "బాబాయ్, ఇవి మనం పొయ్యచ్చు," అన్నాను. ఎలా అని ఆయన అడగలేదు. మా ఇద్దరి కళ్ళూ ఒకేసారి కొట్లో వేలాడుతున్న రబ్బరు బల్లుల దండ మీద పడ్డాయి. తిరునాళ్ళలో పిల్లలు కొనుక్కుని ఆడవాళ్ళ మీదకి విసిరే ఆకుపచ్చ బల్లులు, నల్ల పాములు.

పెరట్లో, నూతి అవతల, కిరసనాయిలు స్టౌ మీద ఒక పాత ఇనప మూకుడు పెట్టి మొదలుపెట్టాం. బల్లుల్ని కత్తెరతో ముక్కలు చేసి, రెగ్జిన్ మెత్తబడ్డానికి వాడే నూనె ఏదో బాబాయి కాకినాడ నుంచి తెస్తే, అది కాస్త చేర్చి, సన్నటి సెగన కరిగించేవాళ్ళం. సెగ కొంచెం ఎక్కువైతే ముద్ద గోధుమరంగుకి తిరిగి, ముక్కుపుటాలు కాలిపోయే పొగ లేచేది. పిన్ని పిల్లల్ని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తేది. మామ్మ ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని, "ఒరే, ఇంట్లో ఏం తగలెట్టార్రా, చెప్పులా?" అని లోపల్నించే కేకలు. వినాయకుడి బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర తెచ్చిన తెల్లపొడి తడిపి, అందులో ఓడ చేపని నొక్కి అచ్చు తీశాడు బాబాయి. అచ్చుకి ఆముదం రాసి, కరిగిన ముద్ద పోసి, చల్లారాక పిన్నీసుతో అంచు లేపితే చేపపిల్ల ఊడి వచ్చేది.

రంగు నా పని. రంగు వేరే కొనే పని లేదు, బల్లులే రంగు. ఆకుపచ్చ బల్లుల్లో నల్ల పాము తోక ముక్క ఒకటి పడితే మా కాలవ నీటి రంగు వచ్చేది. పసుపు బాతు బొమ్మ మెడ ఒకటి వేస్తే ఎండలో పరిగ చేప రంగు. అన్నిటికన్నా కష్టం మెరుపు. చమ్కీ ముందు వేస్తే మూకుడు అడుక్కి దిగిపోతుంది, ఆలస్యంగా వేస్తే పైన కట్టలు కడుతుంది. ముద్ద పాకంలా జారే సమయం కనిపెట్టి, ముగ్గు వేసేటప్పుడు పిండి వదిలినట్టు, బొటనవేలికీ చూపుడువేలికీ సందులోంచి సన్నగా వదులుతూ రెండో చేత్తో తిప్పాలి. ఇంతకీ నేను వదిలింది కొట్టు చమ్కీ కాదు. మామ్మ పాత పట్టుచీర అంచు. చీర చివికిపోయింది, అంచు నిలిచింది. అసలు జరీ, పట్టుదారం మీద చుట్టిన వెండి రేకు. దారం వేరు చేసి, రేకుని గోరు మీద పెట్టి కత్తిరిస్తే ఇసకలా రాలేది. వేడికి అది మారదు, నీళ్ళకి మారదు. చిటికెడు చాలు, చేప ఒళ్ళంతా పాకేది.

మామ్మ ఆ అంచు ఇవ్వడానికి ఒక ఒప్పందం చేసుకుంది. బేరాలాడే గుణం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. "బొమ్మలు చేసుకోండి. బొమ్మలు చేస్తే దోషం లేదు. కానీ గేలం ముల్లు ఈ గడప దాటి లోపలికి రాకూడదు. ఎర అన్న మాట ఇంట్లో వినపడకూడదు," అంది. అలాగే జరిగింది. మేము ముల్లు లేని చేపపిల్లల్ని కొట్లో గాజు అద్దాల వెనక, ప్లాస్టిక్ బాతుల పక్కన పెట్టి, పిల్లల బొమ్మలని అమ్మేవాళ్ళం. నరసాపురం వైపు నుంచి బస్సెక్కి వచ్చిన గడ్డాల మనుషులు, చేతులకి వలతాళ్ళ మచ్చలున్నవాళ్ళు, "బొమ్మలున్నాయాండీ పిల్లలకి," అని చాలా గంభీరంగా అడిగి, కొనుక్కుని, వీధి దాటి ఎదురుగా ఇనప కొట్లోకి వెళ్ళి ముళ్ళు కొనుక్కునేవాళ్ళు. పాపం వీధి మధ్యలో ఎక్కడో జరిగేది, మా గుమ్మంలో మాత్రం కాదు. ఇప్పుడు తలుచుకుంటే మా కులదేవత కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంటుంది.

వాళ్ళల్లో పోలయ్య అని ఒకాయన ఉండేవాడు. గోదావరి సముద్రంలో కలిసే ఏటిమొగలో పండుగొప్ప చేపలు పట్టేవాడు. మొదటిసారి పట్టుకెళ్ళిన వారానికి మళ్ళీ వచ్చి, మెట్ల మీదే నిలబడి, "సెట్టిగారండీ, ఈ బొమ్మలు ఏ చేత్తో పోశారో గానండి, ఆ చెయ్యి సల్లగుండాలి. గొప్ప ఎగిరి మింగేస్తందండి బాబూ," అన్నాడు. నాన్న ఉలిక్కిపడి లోపలికి చూశాడు, మామ్మ విందేమోనని. తరవాత నన్ను చూశాడు. ఆ చూపు నాకు ఇంకా గుర్తే. కొత్తగా వచ్చిన సరుకుని తిరగేసి చూసే చూపు అది. మర్నాడు పొద్దున్న కొట్టు తెరిచి, తెర వైపు తిరిగి, "మణీ, ఇలా రా. బోణీ నువ్వు చెయ్యి," అన్నాడు. నేను గడప దాటాను. ఆ రోజు బాగా నడిచింది. ఆ మర్నాడూ బాగానే నడిచింది. బొమ్మల అర పక్కన నాకో ఇనప స్టూలు పడింది. "అమ్మాయి చెయ్యి మంచిదండోయ్," అని నాన్న ఎదుటి కొట్టాయనకి వినపడేలా అనేవాడు. పక్కింటి బియ్యం కొట్టాయన కూడా వచ్చి, "అమ్మాయ్, మా కొట్లో కూడా ఓ గుప్పెడు బియ్యం చేత్తో ముట్టి వెళ్ళమ్మా," అనేవాడు. మా తమ్ముడు చాప మీద కూచుని మూతి ముడుచుకునేవాడు. నేను స్టూలు మీద నిటారుగా కూచునేదాన్ని. అంత నిటారుగా పెళ్ళిపీటల మీద కూడా కూచోలేదు.

ఇక్కడ చమ్కీ బస్తా సంగతి చెప్పాలి. నాన్న చెడ్డ బేరం చెయ్యడని బజారులో పేరు. చేసిన ఒకే ఒక్క చెడ్డ బేరం మా అటక మీద గోనెసంచిలో ఉండేది. రాజమండ్రిలో ఎవరో కొట్టు మూసేస్తూ అమ్మిన ఎర్ర చమ్కీ. చౌకగా వచ్చిందని మొత్తం ఎత్తుకొచ్చాడు. దానికి తడి తగిలితే రంగు చేతికి అంటుకునేది. పెళ్ళి డెకరేషన్ వాళ్ళు కూడా ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ కొనలేదు. నాన్న దాని గురించి మాట్లాడేవాడు కాదు, కానీ అటక కింద నుంచి వెళ్ళినప్పుడల్లా తలెత్తి చూసేవాడు. నిలవ సరుకు మా నాన్న లాంటివాళ్ళకి గొంతులో ముల్లు.

ఒక మధ్యాహ్నం నేను పెరట్లో జరీ కత్తిరిస్తుంటే వచ్చి నిలబడ్డాడు. "ఎంతకాలమే, వెండి కత్తిరించి నీళ్ళల్లో పారేస్తావు?" అన్నాడు. సంచి దింపించి నా ముందు పెట్టించాడు. "ఇది వాడు."

నేను చిటికెడు మూకుట్లో వేసి చూపించాను. వేడి తగలగానే నలుసులు అంచులు ముడుచుకున్నాయి. ఎర్రదనం కరిగి ముద్దలోకి దిగింది. ఆకుపచ్చ కాస్తా పుండురంగు అయింది. నలుసులు మాత్రం తెల్లబోయి మిగిలాయి.

"నాన్నా, రంగు వదిలేస్తోంది."

ఆయన ఆ ముక్కని చల్లార్చి, వెలుగులోకి ఎత్తి చూశాడు. జరీ కన్నా ఎక్కువ మెరిసింది, నిజమే. తెల్ల నలుసులు గాజుపెంకుల్లా తళతళలాడాయి. "ఇంతకన్నా ఏం కావాలే?"

"నీళ్ళల్లో ఇంకా వదులుతుంది."

"చేపకేం తెలుస్తుందే! కొనేవాడి కంటికి మెరవాలి. ఏరా?" అన్నాడు బాబాయి వైపు తిరిగి.

బాబాయి మూకుడు తిప్పుతున్నాడు. ఆయనకి తెలుసు. కాలవలో గాలం వేసిన మనిషి మా ఇంట్లో ఆయన ఒక్కడే. మా నీళ్ళు బురదనీళ్ళు, అందులో మరీ మెరిసేది ఏదైనా చేపని బెదరగొడుతుందని, చిటికెడు మెరుపే చేపపిల్లలా కనిపిస్తుందని నాకు చెప్పింది ఆయనే. ఈ ఎర్ర చమ్కీ వేసి ముందే ఒకటి పోసి, కాలవలో ఒక రాత్రి నానబెట్టి చూశాడని కూడా నాకు తెలుసు. రంగు కారి, జిగటగా తేలిన ఆ ముక్కని నూతి చపటా వెనక విసిరేశాడు. నేను దాన్ని ఏరుకొచ్చి చూశాను.

"చూద్దాం అన్నయ్యా," అన్నాడు బాబాయి.

అన్నయ్య చూశాడు. కొట్లో అవి పాతవాటికన్నా జోరుగా పోయాయి. గాజు అద్దాల వెనక ఎర్రగా, తెల్లగా మెరుస్తుంటే బస్సు దిగినవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. గాలం ఎరగనివాళ్ళు కూడా కొన్నారు, కొందరు నిజంగానే పిల్లలకి కొన్నారు. నాన్న అటక కింద నుంచి తలెత్తకుండా నడవడం మొదలుపెట్టాడు. అమ్మకం ఆగకుండా సాగుతుంటే తప్పు ఎలా జరుగుతుందనేది మా నాన్న నమ్మకం. చేప కొట్టుకి వచ్చి బేరమాడదు కదా.

పోలయ్య ఈసారి మెట్ల మీద ఆగలేదు. సంచి తెచ్చి గల్లాపెట్టె మీద బోర్లించాడు. ఉప్పునీటి కంపు కొడుతూ, రంగు కారిపోయి, ఒకదానికొకటి అతుక్కుపోయి, పుచ్చిన వేళ్ళలా పడ్డాయి నా చేపలు. కొట్లో గాజులు చూస్తున్న ఆడవాళ్ళు వెనక్కి జరిగారు. "ఏంటండీ ఇయ్యి? మావోళ్ళందరి సేతా కొనిపిచ్చాను నేను. నీళ్ళల్లో ఏత్తే నెత్తురు కారినట్టు కారతన్నాయి. సేప మూతి తిప్పేసుకుంటంది. బజార్లో నా మొకం ఎలా సూపించమంటారండీ?"

నాన్న మెల్లగా నిలబడ్డాడు. అంతమంది ముందు, ఎదుటి కొట్టాయన చూస్తుండగా, ఆయనకి ఒక మాట కావలసి వచ్చింది. వ్యాపారికి తగిన మాట, తన సరుకు మీదకి రానిది. ఆయన కళ్ళు కొట్టంతా తిరిగి, స్టూలు మీద ఆగాయి.

"అమ్మాయి చెయ్యి లెండి," అన్నాడు. "ఆడపిల్ల చెయ్యి. మొదట్లో బాగానే ఉండేది. ఆ చెయ్యి మంచిది కాదు, ఆలస్యంగా తెలిసింది."

పనితనం అనే అర్థంలో మొదలైన చెయ్యి ఆ వాక్యం చివరికి వచ్చేసరికి అదృష్టం అనే అర్థంలోకి మారిపోయింది. ఒక్క మాటలో ఇంత సరుకు మార్చినవాడిని నేను మళ్ళీ చూడలేదు. పోలయ్య నన్ను చూశాడు. తల తిప్పుకున్నాడు. బాబాయి అప్పుడే కాకినాడ నుంచి దిగి, సంచీతో గుమ్మంలో నిలబడ్డాడు. అంతా విన్నాడు. నేను ఆయన వైపే చూస్తున్నాను. ఒక్క మాట చాలు. చమ్కీ అన్నయ్యా, అంటే చాలు. ఆయన సంచి దింపుకుని, గాజుల పెట్టెలు లెక్క చూసుకోవడంలో పడ్డాడు. సాయంత్రం నూతి దగ్గర మూకుడు తోముతూ, నా వైపు చూడకుండా, "రేపు మాట్లాడతాలే అమ్మా, ఇవాళ కోపంగా ఉన్నాడు," అన్నాడు.

మర్నాడు పొద్దున్న నా స్టూలు మీద గాజుల పెట్టెలు పేర్చి ఉన్నాయి. బోణీకి తమ్ముణ్ణి పిలిచారు. మామ్మ మిగిలిన జరీ అంచు నా దగ్గర్నుంచి తీసుకుని పెట్టెలో పెట్టేసుకుంది. "నే చెప్పాను కదే, జీవహింస అని. అందుకే చేతికి తగిలింది," అంది. ఎవరూ బస్తా మాట ఎత్తలేదు. అది మళ్ళీ అటకెక్కింది, కాస్త తేలికై.

చెడ్డ చెయ్యి అనే పేరు నిలవ సరుకు కాదు, ఎక్కడికి వెళ్ళినా అమ్ముడుపోతుంది. పిన్ని చెల్లెలి పెళ్ళికి పసుపు దంచడానికి రోకలి అందరికీ ఇచ్చి నా దాకా వచ్చేసరికి, "మణి తరవాత వేస్తుందిలే," అన్నారు. మా తమ్ముడు సొంతంగా కొట్టు తెరిచిన రోజు నన్ను పిలిచారు, మధ్యాహ్నం భోజనాల వేళకి. అత్తగారింట్లో ఈ మాట తెలియదని ధైర్యంగా ఉండేదాన్ని. మా తోడికోడలు తణుకు మనిషి. నేను పుస్తకాలు రాయడం మొదలుపెట్టాక, మొదటి పుస్తకం అమ్ముడుపోక కట్టలు ఇంట్లోనే ఉండిపోతే, మా తమ్ముడు నవ్వుతూ, "చెయ్యి అలాంటిది అక్కా," అన్నాడు. వాడు సరదాకే అన్నాడు. అప్పటికి ఆ పేరు ఎక్కడ పుట్టిందో వాడికీ గుర్తులేదు. నాకు గుర్తుంది. కూరల బండివాడితో వంకాయలకి అరగంట బేరమాడుతుంటే మా ఆయన విసుక్కుంటాడు, పిసినారితనం అనుకుంటాడు. కాదు. నేనింకా ఆ స్టూలు కోసమే బేరమాడుతున్నాను.

అందుకని బాబాయితో కూడా ఆడాను.

"వస్తాను. కానీ ధర ఉంది," అన్నాను.

"ఏంటమ్మా?"

"కొట్లో అందరి ముందూ చెప్పు. ఆ రోజు తప్పు నా చేతిది కాదు, నాన్న తెచ్చిన చమ్కీదని."

ఆయన మొహం ఎండిపోయింది. "పోయినవాడిని ఇప్పుడు బజార్లో పెట్టడం దేనికమ్మా? ఏటా తద్దినం పెడుతున్న మనిషిని..."

"నన్ను పెట్టాడు కదా."

"ఒకలా చేద్దాం. అన్నయ్య పేరు తియ్యను. తప్పు చెయ్యిది కాదు, చమ్కీది అంటాను. అంతే."

నేను ఆలోచించాను. రెండో మెట్టు దాకా దిగాల్సింది. నాకు తెలుసు, ఇంకాస్త బిగిస్తే ఆయన ఒప్పుకుంటాడు. కానీ ఆ వయసులో అన్ని మెట్లు ఎక్కి వచ్చాడని మొదటి మెట్టు మీదే వెనక్కి తిరిగాను. "సరే," అని పూతరేకుల పెట్టె నా వైపు లాక్కున్నాను.

హారిక కొట్టు రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గర వీధిలో. ఏసీ. గోడ నిండా రంగురంగుల రబ్బరు చేపలు, పురుగులు, కప్పలు, ఒక్కోదానికి పక్కనే ముళ్ళ పొట్లాలు, ఏ గడపా ఏ దాపరికమూ లేకుండా. గల్లా దగ్గర తిరిగే కుర్చీలో హారిక. కూర్చోవడానికి ఎవరినీ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు, తనే కొనుక్కుంది. నాకు సంతోషించాలని ఉంది. నా కళ్ళు మాత్రం ఆ కుర్చీ దగ్గరే ఆగిపోయాయి. వెనక గదిలో తను పోసే చోటు చూపించింది. సీసాల్లో పాలలాంటి ద్రవం, మైక్రోవేవ్‌లో పెట్టి తీస్తే చాలు. అల్యూమినియం అచ్చులు. చిన్న చిన్న డబ్బాల్లో చమ్కీ, నేను కలలో కూడా చూడని రంగులు.

"ఇది వేడికి రంగు వదలదా?" అనడిగాను.

"హీట్ ప్రూఫ్ అత్తా, డబ్బా మీదే రాసుంటుంది. అలా వదిలేది కూడా ఉంటుందా?"

"ఉండేది," అన్నాను.

ఆ పిల్ల చమ్కీని చెంచాతో కొలిచి పోస్తుంది. వేళ్ళు అక్కర్లేదు. ముగ్గు తనకి రాదట. అచ్చులోంచి వచ్చినవాటికి ఎక్కడా వంక లేదు. కాస్త మెరుపు ఎక్కువ అనిపించింది. గోదావరి రంగు తెలిసినవాళ్ళు అంత వెయ్యరు. చేతిలో చేపపిల్లని మళ్ళీ అక్కడే పెట్టేశాను. చేపకేం తెలుస్తుందో ఆ పిల్లే తెలుసుకుంటుంది.

బోణీ వేళకి చుట్టాలు పదిమంది దాకా పోగయ్యారు. మా తమ్ముడు రాలేదు, తణుకులో పెళ్ళి సీజను వ్యాపారం ఉందట. హారిక ఒక పొట్లం నా చేతిలో పెట్టింది. ఎదురుగా మొదటి కొనుగోలుదారుడు, టోపీ పెట్టుకున్న కుర్రాడు. బాబాయి గోడ ఆనుకుని లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాట. మా మణి చెయ్యి ఎప్పుడూ మంచిదే. ఆనాడు తప్పు ఈ చేతిది కాదు. చమ్కీది. నాకు తెలిసీ..." అని ఆగాడు. బేరంలో లేని మాట అది. ఆయన కళ్ళు తడిశాయి. "తెలిసీ చెప్పలేదు," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు గానీ, అర్థమైనట్టు అందరూ తల దించుకున్నారు. నా చేతిలోని పొట్లం ఆ కుర్రాడికి ఇచ్చాను. డబ్బు అందుకున్నాను. తణుకు బజారు, గాజుల పెట్టెలు, పోలయ్య తిప్పుకున్న తల, అన్నీ ఒక్కసారి కదిలాయి.

"అయ్యో, తాతా!" అంది హారిక, ఫోను చూసుకుంటూ. "రికార్డ్ అవలేదు. బటన్ నొక్కలేదు నేను. అత్తా, ప్లీజ్, మళ్ళీ ఒక్కసారి. బ్రదర్, ఆ పొట్లం వెనక్కి ఇవ్వండి."

"మళ్ళీ చేస్తే అది బోణీ కాదే," అన్నాను.

"చూసేవాళ్ళకేం తెలుస్తుంది అత్తా!"

కుర్రాడు నవ్వుతూ పొట్లం వెనక్కి ఇచ్చాడు, నేను డబ్బు వెనక్కి ఇచ్చాను. హారిక ఫోను ఎత్తి పట్టుకుంది. బాబాయి వైపు చూశాను. ఆయన కళ్ళు తుడుచుకుని, కండువా సర్దుకుని, ఫోను వైపు నిటారుగా నిలబడ్డాడు. "మా మణి చెయ్యి చాలా మంచిది," అన్నాడు. ఒక క్షణం నా వైపు చూశాడు. తరవాత గోడ మీద పొట్లాలు చూసుకోవడంలో పడ్డాడు.

ఆ వీడియో చుట్టాల గ్రూపులో తిరిగింది. మా తమ్ముడు దండం బొమ్మ పెట్టాడు. అందులో నేను పొట్లం ఇస్తూ నవ్వుతున్నాను. మా నాన్న నవ్వే ఇది, కొన్నవాడు మెట్లు దిగేదాకా పెదాల మీద నిలబెట్టే నవ్వు. పొట్లంలో చేపలు ఎంతగా మెరుస్తున్నాయంటే, నా చెయ్యి కనిపించడం లేదు.